థెస్సలోనికిలో ఏడేళ్లు: గ్రీకు తవెర్నా భోజనం మీద నా మాట

ఉద్యోగం మీద గ్రీసులోని థెస్సలోనికి నగరానికి వచ్చి ఏడేళ్లయింది. వారానికి ఒకసారైనా బయట తింటాను. గ్రీకు భోజనం ఇప్పుడు నాకు ప్రాణం, కానీ మొదటి ఏడాది నచ్చలేదు. లోపం వంటలో లేదు, నేను తిన్న పద్ధతిలో ఉంది.

అప్పట్లో ఏడు గంటలకే వెళ్లి కూర్చునేవాడిని. తవెర్నా, అంటే ఇక్కడి మామూలు భోజనశాల, అంతా ఖాళీ. ఒక ప్లేటు చెప్పి, ఇరవై నిమిషాల్లో తినేసి, బిల్లు కోసం ఎదురుచూసేవాడిని. ఎంతసేపైనా వచ్చేది కాదు. పట్టించుకోవడం లేదని కోపం వచ్చేది. తర్వాత ఆఫీసులో ఒకాయన చెప్పాడు: అడగకుండా బిల్లు తెచ్చి పెడితే ఇక్కడ అతిథిని లేచి వెళ్లమన్నట్టే. 'తో లొగారియాస్మో, పారాకాలో' అని మనమే అడగాలి. అప్పటిదాకా ఆ టేబుల్ మనదే, అర్ధరాత్రి వరకూ కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు. వాళ్లు రాత్రి భోజనానికి బయల్దేరేదే తొమ్మిది దాటాక.

నలుగురు వెళ్తే నలుగురికీ కలిపి చెబుతారు. 'స్తి మేసి' అంటే మధ్యలోకి అని. పళ్లేలన్నీ టేబుల్ మధ్యలో పెడతారు, ఏది ముందు సిద్ధమైతే అది ముందొస్తుంది. ఇంటి వైన్‌ని కిలోల్లో అడుగుతారు, 'మిసో కిలో' అంటే అరకిలో. పల్లెటూరి సలాడ్ హొరియాతికిలో టమాటా, కీర, ఉల్లి, పచ్చి క్యాప్సికం, ఆలివ్‌లు, పైన ఫెతా అనే చీజ్ ముక్క ఉంటాయి. ఆకులు వెయ్యరు. తినడం అయ్యాక అడుగున మిగిలే నూనె, టమాటా రసంలో రొట్టె అద్దుకు తినడాన్ని 'పాపారా' అంటారు. నన్నడిగితే ఆ సలాడ్‌లో అసలు రుచి అక్కడే ఉంది.

రొట్టె మనం అడగకపోయినా వస్తుంది. బిల్లులో 'కువేర్' పేరుతో మనిషికింత చొప్పున కనబడుతుంది. చిన్న మొత్తమే, మోసం కాదు. మెనూలో రెండు చిన్న విషయాలు మాత్రం చదవండి. చుక్క గుర్తు ఉంటే ఆ సరుకు ఫ్రీజర్‌లోదని అర్థం. అడుగున, రసీదు ఇవ్వకపోతే డబ్బు కట్టనక్కర్లేదని వినియోగదారుడికి హక్కుగా రాసి ఉంటుంది.

చేప దగ్గర నాకు గట్టిగానే దెబ్బ తగిలింది. హల్కిదికీ వైపు సముద్రం పక్కన ఒకచోట రెండు చేపలు చూపించి కాల్చమన్నాను. మెనూలో ఉన్నది కిలో ధర, తూకం వేసేది శుభ్రం చేయకముందు. రెండూ కలిపి కిలోన్నర దాకా తూగాయి. మొత్తం ఎంతవుతుందో వాళ్లు ముందే చెప్పాల్సింది, చెప్పలేదు. ఇప్పుడు నేనే ఫ్రిజ్ దగ్గరికెళ్లి చేపను ఎంచుకుని, నా ముందే తూచమని, మొత్తం ఎంతో అడుగుతాను. దీన్ని ఎవరూ తప్పుగా అనుకోరు.

మన నాలుకకి గ్రీకు వంట చప్పగానే ఉంటుంది. థెస్సలోనికి కాస్త నయం. 1923లో గ్రీసు, టర్కీల మధ్య జనాల మార్పిడి జరిగినప్పుడు ఆసియా మైనర్ నుంచి వచ్చిన శరణార్థులు తమ మసాలాలూ వంటలూ వెంట తెచ్చుకున్నారు. జీలకర్ర దట్టించిన కైమా ఉండలు, సుత్సుకాకియా, ఆ వలస వంటే. ఇక్కడి టేబుల్ మీద 'బూకొవో' అనే కచ్చాపచ్చాగా దంచిన ఎండుమిరప కారం దొరుకుతుంది, 'తిరోకఫ్తెరి' అనే కారం చీజ్ పచ్చడి అయితే నేను ప్రతిసారీ చెబుతాను. ఇంకో మాట: ఏథెన్స్‌లో ‘సువ్లాకి’ అంటే మాంసాన్ని రొట్టెలో చుట్టి ఇచ్చేది, పుల్లకు గుచ్చి కాల్చినదాన్ని వాళ్లు ‘కలమాకి’ అంటారు. ఇక్కడ పుల్లదే సువ్లాకి, కలమాకి అంటే కూల్‌డ్రింక్‌లో వేసుకునే స్ట్రా. దీని మీద రెండు ఊళ్లవాళ్లూ నిజంగానే వాదించుకుంటారు.

నాకు ఇప్పటికీ సరిపడనివి రెండు. గదిలోపల పొగ తాగడం చట్టరీత్యా నిషేధం, అయినా చలికాలం తలుపులు మూశాక కొన్నిచోట్ల మానరు. అలాంటిచోట లేచి వచ్చేస్తాను. రెండోది, పొద్దున వండి పెద్ద ట్రేలలో ఉంచే కూరలు గోరువెచ్చగానే వడ్డిస్తారు. అలా ఉంటేనే నూనె రుచి తెలుస్తుందని వాళ్ల నమ్మకం. పొగలు కక్కే అన్నంతో పెరిగిన నాకు ఇది ఏడేళ్లకీ అలవాటు కాలేదు.

శాకాహారులు గ్రీసులో ఏం తింటారని చాలామంది అడుగుతుంటారు. రెండు మాటలు నేర్చుకుంటే చాలు. 'లాదెరా' అంటే ఆలివ్ నూనెలో మగ్గించిన కూరలు: బెండకాయ, చిక్కుడు, వంకాయ. 'నిస్తీసిమో' అంటే ఉపవాస భోజనం. ఈస్టర్ ముందు నలభై రోజుల ఉపవాసంలో మాంసం, పాలు, గుడ్లు ముట్టరు కాబట్టి అప్పుడు మెనూల్లో ఇవి బాగా దొరుకుతాయి. రొయ్యలు, ఆక్టోపస్ మాత్రం ఉపవాసంలోనూ తింటారు, జాగ్రత్త. బియ్యం కూరిన టమాటాలు, క్యాప్సికాలు 'గెమిస్తా' చెప్పేటప్పుడు 'ఒర్ఫానా' అనండి. అనాథలు అని అర్థం, అంటే కైమా లేనివి. ఫెతాలో సంప్రదాయంగా పాలు గడ్డకట్టడానికి జంతువుల నుంచి తీసిన రెన్నెట్ వాడతారు, నియమం గట్టిగా పాటించేవాళ్లు ఇది గమనించాలి.

మూడేళ్ల కిందట జులైలో అమ్మ తెనాలి నుంచి వచ్చింది. పుట్టి బుద్ధెరిగి గుడ్డు ముట్టని మనిషి. ఊళ్లో ఎత్తున ఉండే పాతపేట ఆనో పోలీలో, పాత కోటగోడల దగ్గర, నేను తరచూ వెళ్లే చిన్న తవెర్నాకి తీసుకెళ్లాను. ముందు 'ఫావా' వచ్చింది. పసుపుపచ్చని పప్పు, మెత్తగా మెదిపి, పైన పచ్చి ఉల్లిపాయ ముక్కలు, ఆలివ్ నూనె. శాంతోరిని ద్వీపంలో దీనికి వేరే గింజ ఉంది, మిగతాచోట్ల ఎక్కువగా పసుపు బఠాణీ పప్పుతో చేస్తారు.

"ఇదేంట్రా, ముద్దపప్పు చల్లారబెట్టి తెచ్చారు?" అంది అమ్మ.

తర్వాత 'వ్లీతా'. ఉడికించి నీళ్లు వార్చిన ఆకుకూర, నిమ్మచెక్క. అమ్మ కాడ ఒకటి పట్టుకుని చూసి, "తోటకూర! పోపేదీ?" అంది. నిజంగా తోటకూర జాతే అది. నిమ్మకాయ పిండుకుని, రొట్టె తుంపి, పప్పూ ఆకుకూరా కలిపి చేత్తోనే తింది. వంటింట్లోంచి ఒకావిడ బయటికొచ్చి చూస్తూ నిలబడింది. గిన్నె రొట్టెతో తుడిచేసరికి ఆవిడ మొహం వెలిగిపోయింది. "యా స్తా హేరియా సాస్" అనమని అమ్మకి నేర్పాను. మీ చేతులు చల్లగా ఉండాలి అని వండినవాళ్లకు చెప్పే మాట అది. అమ్మ రెండుసార్లు అంది.

తర్వాత చెప్పకుండానే ఒక పళ్లెం వచ్చింది. దీన్ని 'కేరస్మా' అంటారు, చివర్లో తవెర్నా తరఫున ఉచితంగా పెట్టేది. పండో, తీపో, చిన్న గ్లాసులో మద్యమో ఉంటుంది. వద్దంటే చిన్నబుచ్చుకుంటారు. ఆ రోజు వచ్చింది రవ్వ హల్వా. "మనం అడగలేదు కదా, డబ్బులిచ్చెయ్" అని అమ్మ పట్టుబట్టింది. ఒప్పుకోరని నచ్చచెప్పడానికి కొంతసేపు పట్టింది. ఒక ముక్క నోట్లో పెట్టుకుని, నెయ్యి లేకుండా ఇంత బాగా ఎలా వచ్చిందని అడిగింది. ఆవిడ వేళ్లు మడిచి చూపించింది: నూనె ఒకటి, రవ్వ రెండు, పంచదార మూడు, నీళ్లు నాలుగు. అమ్మ తన సంచిలోంచి మందుల చీటీ తీసి, వెనకవైపు ఆ నాలుగు అంకెలూ రాసుకుంది.