1995 ప్రైడ్ అండ్ ప్రెజుడిస్ బ్లూరే: విశాఖలో కొనాలా, కొంటే ఎలా చూడాలి

జేన్ ఆస్టెన్ నవల మీద బీబీసీ 1995లో తీసిన టీవీ సీరియల్ ప్రైడ్ అండ్ ప్రెజుడిస్ ఆరు ఎపిసోడ్లు, మొత్తం దాదాపు ఐదున్నర గంటలు. బ్రిటన్‌లో వేసిన బ్లూరే సెట్టు కొనదగ్గదే, అందులో అనుమానం లేదు. కాకపోతే డబ్బా విప్పి ప్లేయర్‌లో పెట్టేసి, "ఇంత డబ్బు పోసింది దీనికా!" అని నిట్టూర్చేవాళ్లు చాలామందే. వాళ్లలో ఎక్కువమంది ఇంట్లో డిస్కు బాగానే ఉంటుంది, టీవీ సెట్టింగులే పాడుచేస్తుంటాయి.

ముందు బొమ్మ సంగతి. దీన్ని సూపర్ 16 ఫిల్మ్ మీద తీశారు. 2008లో బ్లూరే కోసం ఒరిజినల్ నెగటివ్‌నే మళ్లీ హెచ్‌డీలోకి ఎక్కించారు. అందుకే కథానాయకుడు డార్సీ భవంతిగా చూపించిన లైమ్ పార్క్ బయటి దృశ్యాల్లో పచ్చిక, రాతి గోడలు, ఆడవాళ్ల పల్చటి గౌన్ల నేత, అన్నీ డీవీడీలో కంటే చాలా స్పష్టంగా కనిపిస్తాయి. 16 ఎం.ఎం. ఫ్రేము చిన్నది కాబట్టి గ్రెయిన్ (బొమ్మంతా కదిలే సన్నటి రవ్వలు) తప్పదు. మసక వెలుతురు గదుల్లో మరీ ఎక్కువ. అది చూసి డిస్కు పాడైందని వాపసు పంపకండి. టీవీలో నాయిస్ రిడక్షన్ ఆఫ్ చేయండి, షార్ప్‌నెస్ బాగా తగ్గించండి. నాయిస్ రిడక్షన్ వదిలేస్తే గ్రెయిన్‌తో పాటు చర్మం మీది వివరమంతా పోయి, నాయిక ఎలిజబెత్‌గా వేసిన జెన్నిఫర్ ఈలీ మొహం మైనపు బొమ్మలా తయారవుతుంది.

రెండోది, అసలు ప్రాణం తీసేది, కుదుపు. బ్రిటిష్ టీవీ సీరియళ్లు సెకనుకి 25 ఫ్రేములు. మన దగ్గర ప్లేయర్లు, టీవీకి గుచ్చే స్ట్రీమింగ్ స్టిక్కులు చాలావరకు 60 హెర్ట్‌జ్‌లో (సెకనుకి 60 సార్లు) బొమ్మ పంపేలా సెట్ అయి ఉంటాయి. 60ని 25తో భాగిస్తే 2.4 వస్తుంది. అంటే కొన్ని ఫ్రేములు రెండుసార్లు, కొన్ని మూడుసార్లు చూపించాలి. కెమెరా పక్కకి జరిగిన ప్రతిసారీ బొమ్మ తడబడుతుంది.

పరీక్షకి రెండో ఎపిసోడ్‌లో నెదర్‌ఫీల్డ్ డాన్సు పెట్టుకోండి. ఎలిజబెత్, డార్సీ ఎదురెదురు వరసల్లో నిలబడి, దగ్గరికొచ్చి, దూరం జరిగి, మధ్యమధ్యలో మాటలతో పొడుచుకుంటూ ఉంటారు. వాళ్లు ఫ్రేములో అడ్డంగా కదిలేటప్పుడు భుజాల అంచులు చూడండి. అంచు రెండుగా కనిపించినా, అడుగు ఆగి ఆగి పడినట్టున్నా మీ ప్లేయర్ 60లో ఉన్నట్టే. వీడియో అవుట్‌పుట్‌లోకి వెళ్లి 1080, 50 హెర్ట్‌జ్ పెట్టండి. స్టిక్కయితే ఫ్రేమ్ రేటును ఒరిజినల్‌కి కలిపే ఆప్షన్ ఆన్ చేయాలి. మనదీ 50 హెర్ట్‌జ్ దేశమే, ఇక్కడ అమ్మే టీవీలు దాన్ని మారుమాట లేకుండా తీసుకుంటాయి. మోషన్ స్మూతింగ్ (ఫ్రేముల మధ్య టీవీ సొంతంగా కొత్త ఫ్రేములు చేర్చడం) మాత్రం కట్టేయాలి, లేకపోతే ఫిల్మ్ కాస్తా స్టూడియో వీడియోలా జారిపోతుంది. (అన్నట్టు, వాళ్లు ఆడే ఆ 'మిస్టర్ బెవరిడ్జెస్ మ్యాగట్' 1695లో అచ్చయిన నృత్యం. నవల వచ్చింది 1813లో. చరిత్ర పట్టింపు ఉన్నవాళ్లు సణుగుతారు గానీ, ఆ మాటల పోటీకి అంత నెమ్మది అడుగు ఇంకేదీ అతకదు.)

ఇది విశాఖలో కొట్టుకెళ్లి అడిగితే దొరికే సరుకు కాదు, బయటి నుంచి తెప్పించుకోవాల్సిందే. డిస్కు ధరకి పోస్టేజీ, కస్టమ్స్ కలుపుకుని లెక్కేసుకోండి. ఆర్డరుకి ముందు రీజియన్, అంటే డిస్కు ఏ దేశాల ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే గుర్తు, చూడాలి. డీవీడీల్లో బ్రిటన్ రీజియన్ 2, మనది 5. బ్లూరేల్లో బ్రిటన్ బి, మనది సి. డబ్బా వెనక ఏ, బి, సి మూడూ ఉంటే బెంగలేదు. ఒక్క బి మాత్రమే ఉంటే మామూలు ఇండియా ప్లేయర్ తిరగ్గొడుతుంది. చవక డీవీడీ ప్లేయర్లలో చాలావాటికి రిమోట్‌తో రీజియన్ తాళం తీయొచ్చు గానీ, బ్లూరేకి అది అంత తేలిక కాదు. బ్రిటన్‌లో ఉన్న చుట్టాలెవరైనా పాత ప్లేయర్ తెస్తామంటే వద్దనకండి. కరెంటు 230 వోల్టులే, ప్లగ్గు మారిస్తే చాలు. కంప్యూటర్ డీవీడీ డ్రైవ్‌లో రీజియన్ ఐదుసార్లే మార్చనిస్తుంది, ఆ తర్వాత చివర పెట్టిందే శాశ్వతం. అమెరికా డీవీడీలు చవగ్గా కనిపించినా వదిలేయండి. 25 ఫ్రేముల బొమ్మను వాళ్ల పద్ధతికి మార్చడంలో కొన్నిట్లో నీడలు పడతాయి, గీతల సంఖ్య కూడా 576 నుంచి 480కి పడిపోతుంది.

ఇది నచ్చాక మిగతావీ కొనాలనిపిస్తుంది. అక్కడ చూడాల్సింది ఎలా తీశారన్నది. బ్రిటన్ టీవీ కంపెనీ గ్రనాడా వాళ్ల బ్రైడ్స్‌హెడ్ రీవిజిటెడ్, 1981, 11 ఎపిసోడ్లు, 16 ఎం.ఎం. ఫిల్మ్. బ్లూరేకి డబ్బు పెట్టొచ్చు. బొమ్మ 4:3, పక్కల నల్ల పట్టీలు ఉండాల్సిందే. టీవీ నిండా సాగదీస్తే జెరెమీ ఐరన్స్ బొద్దుగా అవుతాడు. ఐ, క్లాడియస్, 1976, పూర్తిగా స్టూడియో వీడియో టేపు. టేపులో ఉన్నదే 576 గీతలు గనక డీవీడీ చాలు. డెరెక్ జాకబీ మాట వినడానికి కొనాలి దాన్ని, బొమ్మకి కాదు. బ్లీక్ హౌస్, 2005, హెచ్‌డీ వీడియో. మొదటి ఎపిసోడ్ గంట, మిగతా 14 అరగంట చొప్పున. రోజూ పడుకునే ముందు ఒకటి చూసేవాళ్లకి ఇంతకన్నా అనువైనది లేదు. అప్‌స్టెయిర్స్, డౌన్‌స్టెయిర్స్ మొదటి సీజన్‌లో కొన్ని ఎపిసోడ్లు నలుపు తెలుపులో వస్తే కంగారుపడొద్దు. అప్పట్లో బ్రిటన్ చానెల్ ఐటీవీ టెక్నీషియన్ల గొడవ వల్ల రంగుల్లో తీయలేదు.

తెలుగు సబ్‌టైటిల్స్ ఆశించకండి, ఇంగ్లిష్‌వి ఆన్ చేసుకోండి. ప్రైడ్ అండ్ ప్రెజుడిస్‌లో మిస్టర్ కాలిన్స్ పొడుగాటి వాక్యాలు చెవికి అందకపోయినా కంటికి అందుతాయి. సౌండ్‌బార్‌లో సరౌండ్ తీసేసి స్టీరియోలో ఉంచండి.

ఇక మన ఊరి బాధ, ఉప్పుగాలి. బీచ్ రోడ్డు, లాసన్స్ బే, రుషికొండ వైపు ఇళ్లలో డిస్కు కంటే ముందు పోయేది ప్లేయర్. లెన్సు మీద పొర కట్టి, ఒక ఎపిసోడ్ ఆడి ఇంకోటి ఆగిపోతుంటే డిస్కుని తిట్టే ముందు లెన్సు శుభ్రం చేయించండి. ఏసీ గదిలోంచి తీసిన ప్లేయర్‌ని ఉక్కపోతగా ఉన్న హాల్లో పెట్టి వెంటనే ఆన్ చేస్తే లెన్సు మీద చెమ్మ పడుతుంది, గంట ఆగాలి. హెచ్‌డీఎంఐ పిన్నులకి తుప్పు పట్టినా బొమ్మలో చుక్కలు మెరుస్తాయి, కేబుల్ తీసి పెట్టి చూడండి. డిస్కుల్ని నిలువుగా, మూత గట్టిగా ఉన్న డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. వానాకాలంలో అట్ట కవర్లకి బూజు పడుతుంది, డిస్కు ప్లాస్టిక్ కేసుల్లో పెట్టి అట్టలు వేరే దాచుకోవచ్చు. తుడిచేటప్పుడు మెత్తటి గుడ్డతో మధ్యలోంచి అంచుకి తిన్నగా తుడవాలి, గుండ్రంగా తిప్పకూడదు. గుండ్రటి గీత డేటా వరస వెంబడే పడుతుంది కాబట్టి ప్లేయర్ దాన్ని దిద్దుకోలేదు.