బాష్‌లో ‘రీడ్’: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

టెక్స్ట్ ఫైల్‌ని ఒక్కో లైనూ చదివి, లైన్‌ని ముక్కలు చేసి, ముక్కకో వేరియబుల్ (విలువని దాచుకునే పేరు) ఇవ్వడం సర్వర్లు చూసుకునేవాళ్లకి ఎప్పుడూ తగిలే పని. దీనికోసం నేను చాలా ఏళ్లుగా వాడుతున్నది, లినక్స్‌లో ఆజ్ఞలు రాసి నడిపే షెల్ అయిన బాష్‌లోనే ఉండే ‘రీడ్’ ఆజ్ఞని. చుట్టూ ఒక వైల్ లూప్ (లైన్లు ఉన్నంతసేపూ అదే పని మళ్లీ చేసేది), ముందు ఐఎఫ్ఎస్ (లైన్‌ని ఏ గుర్తు దగ్గర కోయాలో చెప్పే వేరియబుల్) విలువ, అంతే. వేరే ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. ఇప్పటికీ నాకు ఇష్టమైన పనిముట్టు ఇదే. అయితే దీని పద్ధతులు తెలియకుండా వాడితే ఎర్రర్ ఏమీ చూపించకుండానే డేటాని తారుమారు చేసేస్తుంది.

ఒక లైన్ ఇలా ఉందనుకోండి: కందిపప్పు|తెనాలి||145. సరుకు, ఊరు, బస్తాలు, ధర. బస్తాల గడి ఖాళీ. ఐఎఫ్ఎస్‌కి నిలువు గీత ఇచ్చి, రీడ్ పక్కన నాలుగు వేరియబుళ్ల పేర్లు రాస్తే ఎవరి వాటా వాళ్లకి చేరుతుంది, బస్తాలు ఖాళీగానే ఉంటుంది. ఐఎఫ్ఎస్‌ని రీడ్‌కి ముందు అదే లైన్‌లో రాస్తే ఆ ఒక్క ఆజ్ఞకే వర్తిస్తుంది. మిగతా స్క్రిప్ట్ చెదరదు. నాకు ఇందులో బాగా నచ్చేది ఇదే.

ఇప్పుడు అదే ఫైల్‌ని నిలువు గీతల బదులు ట్యాబ్‌లతో ఇచ్చారనుకోండి. ఐఎఫ్ఎస్‌లో ట్యాబ్ పెట్టి చదివితే 145 వెళ్లి బస్తాల్లో కూర్చుంటుంది, ధర ఖాళీ అవుతుంది. ఎందుకంటే స్పేస్, ట్యాబ్, న్యూలైన్ ఈ మూడింటినీ షెల్ ఖాళీ జాగాగా చూస్తుంది. పక్కపక్కన ఎన్ని ఉన్నా ఒకటే కింద లెక్క. లైన్ మొదట్లో ఉన్నవి కూడా తీసేస్తుంది. కామా, కోలన్, నిలువు గీత లాంటి వాటికి ఈ నియమం లేదు. ప్రమాదం ఏమిటంటే 145 అనేది ధరగానూ నమ్మదగ్గ అంకే, బస్తాలుగానూ నమ్మదగ్గ అంకే. చూసినవాళ్లకి అనుమానం రాదు. అందుకే ట్యాబ్ ఫైల్ వస్తే డేటాలో నిలువు గీతలు లేవని గ్రెప్‌తో (టెక్స్ట్‌లో వెతికే ఆజ్ఞ) చూసుకుని, ‘టీఆర్’ ఆజ్ఞతో ట్యాబ్‌లని నిలువు గీతలుగా మార్చి, ఆ తర్వాతే రీడ్‌కి ఇస్తాను.

వేరియబుళ్లు తక్కువైతే చివరిదానికి మిగిలిందంతా, మధ్యలో గుర్తులతో సహా, వెళ్లిపోతుంది. లినక్స్ యూజర్ల వివరాలుండే పాస్‌వర్డ్ ఫైల్‌లో కోలన్లతో విడిపోయే 7 గడులు ఉంటాయి. మీరు మూడే పేర్లు ఇస్తే మూడోదానిలో ఐదు గడులు పోగవుతాయి. దీన్ని నేను తనిఖీకి వాడుకుంటాను. చివర ‘మిగతా’ అని ఒక అదనపు వేరియబుల్ పెడతాను. అందులో ఏమైనా పడిందంటే ఆ లైన్‌లో గడులు ఎక్కువున్నట్టు. ఆ లైన్‌ని పక్కన పెట్టి ముందుకెళ్తాను.

రీడ్ పక్కన మైనస్ ఆర్ ఆప్షన్ ఎప్పుడూ రాయాల్సిందే. రాయకపోతే బ్యాక్‌స్లాష్‌లు మాయమవుతాయి. విండోస్ ఫోల్డర్ దారులు ఉన్న ఫైళ్లు దీనివల్ల పూర్తిగా పాడైపోతాయి.

తెలుగు డేటా సంగతి చాలామంది అడుగుతుంటారు. నిశ్చింతగా వాడండి. అక్షరాలని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో తెలుగు సంకేతం ఒక్కోటి 3 బైట్లు. ఆ బైట్లలో ఏదీ కామాతోనో నిలువు గీతతోనో కలవదు, ఆ ఎన్‌కోడింగ్‌ని 1992లో అలాగే తయారుచేశారు. కాబట్టి అక్షరం మధ్యలో కోత పడదు. ఇబ్బంది వచ్చేది ఎక్సెల్ దగ్గర. మామూలు సీఎస్‌వీగా (కామాలతో గడులు విడదీసే ఫైల్) సేవ్ చేస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలుగా మారే అవకాశం ఉంది కనుక యూటీఎఫ్-8 సీఎస్‌వీ ఎంచుకోవాలి. అప్పుడు ఫైల్ మొదట్లో కంటికి కనపడని బీఓఎమ్ (ఎన్‌కోడింగ్ ఏదో చెప్పే గుర్తు) బైట్లు మూడు చేరతాయి, అవి మొదటి లైన్ మొదటి వేరియబుల్‌కి అతుక్కుంటాయి. ప్రతి లైన్ చివర విండోస్ వదిలే క్యారేజ్ రిటర్న్ అనే కనపడని గుర్తు చివరి వేరియబుల్‌కి అతుక్కుంటుంది. ధరతో కూడిక చేయబోతే షెల్ మొరాయించేది అందుకే. ముందు, విండోస్ ఫైళ్లని యూనిక్స్ పద్ధతికి మార్చే డాస్‌టుయూనిక్స్ నడిపితే రెండు పీడలూ పోతాయి.

లూప్‌కి ఫైల్‌ని ఎలా అందిస్తున్నామన్నదీ ముఖ్యమే. ఫైల్‌ని బయటికి వదిలే ‘క్యాట్’ ఆజ్ఞతో తీసి పైప్‌లోంచి (ఒక ఆజ్ఞ ఫలితాన్ని ఇంకోదానికి అందించేది) పంపితే బాష్ ఆ లూప్‌ని సబ్‌షెల్‌లో, అంటే తనదే వేరే ప్రతిలో, నడుపుతుంది, లోపల లెక్కపెట్టిన మొత్తం బయటికి రాదు. జెడ్‌షెల్ అనే ఇంకో షెల్‌లో ఈ బాధ లేదు. బాష్‌లో మాత్రం ‘డన్’ పక్కన బాణం గుర్తుతో ఫైల్‌ని నేరుగా ఇవ్వడమే నయం. లూప్ లోపల, వేరే సర్వర్‌లోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ ఆజ్ఞ ఉంటే దానికి మైనస్ ఎన్ ఆప్షన్ ఇవ్వాలి. లేకపోతే మిగతా లైన్లన్నీ అదే మింగేస్తుంది, మొదటి సర్వర్‌తోనే లూప్ ఆగిపోతుంది. ఫైల్ చివర న్యూలైన్ లేకపోతే ఆఖరి లైన్ వేరియబుల్‌లోకి వచ్చినా రీడ్ ‘విఫలం’ అని చెబుతుంది, లూప్ దాన్ని వదిలేస్తుంది. ‘లేదా వేరియబుల్ ఖాళీ కాకపోతే’ అనే షరతు లూప్ తలలో కలిపితే అదీ దక్కుతుంది.

ఇక వేగం. ఇక్కడ మాత్రం రీడ్‌ని సమర్థించలేను. పైప్‌లోంచి చదివేటప్పుడు తనకి కావలసిన లైన్ దాటి ముందుకు పోకూడదు కాబట్టి ఒక్కో బైట్ చొప్పున చదువుతుంది. లక్షల లైన్ల ఫైల్ మీద ఈ నత్తనడక భరించలేం. అలాంటివాటికి 1977 నుంచీ ఉన్న, గడులున్న టెక్స్ట్ పనులకి వాడే భాష ఆక్‌దే పైచేయి, కూడికలు, వడపోతలు అన్నీ అందులోనే అయిపోతాయి. డబుల్ కోట్స్ మధ్య కామాలు ఉండే సీఎస్‌వీని కూడా రీడ్ సరిగా కోయలేదు. 2023లో వచ్చిన గ్నూ ఆక్ 5.3లో దీనికోసం ప్రత్యేకంగా సీఎస్‌వీ ఆప్షన్ ఉంది, లేదంటే పైథాన్.

ఇప్పుడు నా స్క్రిప్ట్‌లలో రెండూ కలిసే ఉంటాయి. పెద్ద ఫైల్‌ని ఆక్ వడగట్టి, కావలసిన కొద్ది లైన్లని నిలువు గీతలతో ఇస్తుంది. ఒక్కో లైన్‌కి యూజర్‌ని సృష్టించడం, ఫైల్ కాపీ చేయడం, మెయిల్ పంపడం లాంటి అసలు పనులు రీడ్ లూప్ చేస్తుంది.