మూడు ఎలక్ట్రా నాటకాల్లో ముందు ఏది చదవాలి?

గ్రీకు విషాద నాటకం అంటే ఏమిటో తెలుసుకోవాలనుకునే వాళ్లకి చాలామంది ఈడిపస్ కథనే ముందు చేతికిస్తారు. అరిస్టాటిల్ అంతగా మెచ్చిన నాటకం కాబట్టి ఆ సలహాకి వంక పెట్టలేం. కానీ ఒక్క నాటకమే చదివితే అందులో ఏది ఆ ప్రక్రియ లక్షణమో, ఏది ఆ కవి సొంత పనితనమో తేల్చుకోవడం కష్టం. ఒకే కథని ముగ్గురు రాస్తే ఆ తేడా ఇట్టే తెలుస్తుంది. గ్రీకు విషాద కవులు ఈస్కిలస్, సోఫోక్లీస్, యూరిపిడీస్ ముగ్గురూ రాయగా, మూడు నాటకాలూ మనదాకా మిగిలిన కథ ఒకే ఒక్కటి. అదే ఎలక్ట్రా కథ.

ట్రాయ్ యుద్ధం గెలిచి ఇంటికొచ్చిన అగమెమ్నాన్‌ని భార్య క్లైటెమ్‌నెస్ట్రా, ఆమె ప్రియుడు ఈజిస్థస్ కలిసి చంపేశారు. పరాయి చోట పెరిగిన కొడుకు ఒరెస్టీస్ అపోలో దేవుడి ఆజ్ఞతో తిరిగొచ్చి, అక్క ఎలక్ట్రాని కలిసి, తల్లిని చంపుతాడు. మనకి రామాయణం తెలిసినట్టే ఏథెన్స్ జనానికి ఈ కథంతా ముందే తెలుసు. తెలిసిన కథని ఈ కవి ఎలా నడిపిస్తాడో చూద్దామని వాళ్లు అక్రోపొలిస్ దక్షిణపు వాలులో ఉన్న డయోనైసస్ రంగస్థలానికి వచ్చేవాళ్లు.

ముగ్గురి తేడా బాగా తెలిసేది అక్కాతమ్ముళ్లు ఒకరినొకరు గుర్తుపట్టే చోట. శకుంతల ఉంగరం వల్ల మనకి అలవాటైన ‘అభిజ్ఞానం’ అనే మాట ఈ ఘట్టానికి చక్కగా సరిపోతుంది. ఈస్కిలస్ నాటకం పేరుకి అర్థం ‘తర్పణాలు తెచ్చే స్త్రీలు’. క్రీ.పూ. 458లో నాటక పోటీలో మొదటి బహుమతి గెలిచిన నాటకత్రయంలో ఇది రెండోది. ఇందులో తండ్రి సమాధి మీద ఎలక్ట్రాకి ఒక జుట్టు పాయ కనిపిస్తుంది. అది తన జుట్టులాగే ఉంది. పక్కనున్న అడుగుజాడల్లో తన పాదం పెట్టి చూసుకుంటుంది. చివరికి ఒరెస్టీస్ ఎదుటికొచ్చి, ఆమె నేసిన బట్ట చూపిస్తాడు.

యూరిపిడీస్ దగ్గర ఒక ముసలి సేవకుడు సరిగ్గా ఈ మూడు ఆనవాళ్లే వరసగా చెబుతాడు. ఎలక్ట్రా ఒక్కొక్కటీ కొట్టిపారేస్తుంది. మగవాడి జుట్టూ ఆడదాని జుట్టూ ఒకటేనా? రాతినేల మీద అడుగు పడుతుందా? చిన్నప్పటి బట్ట ఒంటితో పాటు పెరుగుతుందా? ఆఖరికి కనుబొమ దగ్గరున్న పాత మచ్చ వల్ల తమ్ముడు బయటపడతాడు. ఈస్కిలస్‌ని చదవని వాళ్లకి ఈ సన్నివేశంలో సగం రుచే దక్కుతుంది.

సోఫోక్లీస్ దారి వేరు. డెల్ఫీ రథ పందెంలో ఒరెస్టీస్ చనిపోయాడని కబురు వస్తుంది. సమాధి దగ్గర జుట్టు పాయ చూసిన చెల్లెలు క్రైసోథెమిస్ సంతోషంతో పరిగెత్తుకొస్తుంది, కానీ ఆ కబురు విని ఉన్న ఎలక్ట్రా నమ్మదు. నిజం చేతికందినా జారిపోయింది. ఆ తర్వాత ఒరెస్టీసే మారువేషంలో తన చితాభస్మం అంటూ ఒక కలశం తెచ్చి ఆమె చేతుల్లో పెడతాడు. బతికున్న తమ్ముడు ఎదురుగా నిలబడి ఉండగా ఆమె ఆ కలశాన్ని హత్తుకుని ఏడుస్తుంది. తట్టుకోలేక అతనే నోరు విప్పి, తండ్రి ముద్ర ఉంగరం చూపిస్తాడు. ప్రేక్షకుడికి తెలిసింది పాత్రకి తెలియకపోతే మనసు ఎంత నలుగుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నేను చూడలేదు.

కోరస్, అంటే నాటకంలో కలిసి పాడే బృందం సంగతికొస్తే ఈస్కిలస్‌దే పైచెయ్యి. అతని బానిస స్త్రీలు పాటలతో ఆగరు. ఈజిస్థస్‌ని అంగరక్షకులు లేకుండా రమ్మని చెప్పేలా, దాది తీసుకెళ్లే కబురునే మార్పిస్తారు. మిగతా ఇద్దరి దగ్గర కోరస్ ఓదార్చే ఇరుగుపొరుగు స్థాయిలోనే ఉంటుంది.

తల్లి హత్య మూడింటిలోనూ తలుపు వెనకే. కేక వినిపిస్తుంది, తర్వాతే శవం కనిపిస్తుంది. ఆ చావు బరువు ఎవరి మీద పడుతుందన్న దగ్గర ముగ్గురూ విడిపోతారు. ఈస్కిలస్‌లో తల్లి రొమ్ము చూపి, ఇక్కడే కదా పాలు తాగావు అంటుంది. ఒరెస్టీస్ ఆగిపోయి స్నేహితుడు పైలడీస్‌ని ఏం చేయమంటావని అడుగుతాడు. నాటకమంతా మౌనంగా ఉన్న పైలడీస్ అప్పుడు మూడే మూడు పాదాలు పలికి అపోలో మాట గుర్తుచేస్తాడు. తండ్రి రుణం తీర్చినా పాపమే, తీర్చకపోయినా పాపమే. సోఫోక్లీస్‌లో ఈ తటపటాయింపు లేదు. లోపలి కేక విని ఎలక్ట్రా బయటినుంచి, చేతనైతే ఇంకో దెబ్బ వెయ్యమని అరుస్తుంది. తల్లిని చంపినవాణ్ని వెంటాడే ప్రతీకార దేవతలు ఇక్కడ రారు. యూరిపిడీస్‌లో ఎలక్ట్రా బిడ్డని కన్నానని అబద్ధపు కబురు పంపి తల్లిని రప్పిస్తుంది. చంపాక అక్కాతమ్ముళ్లిద్దరూ కుప్పకూలిపోతారు. ఇంటి కప్పు పైన కవల దేవతలు ప్రత్యక్షమై, ఆమెకి జరిగింది న్యాయమే గానీ నువ్వు చేసింది న్యాయం కాదని ఒరెస్టీస్‌తో అంటారు.

‘ట్రాజెడీ’కి ‘విషాదాంతం’ అనే మన అనువాదం ఇక్కడ కొంచెం దారి తప్పిస్తుంది. ఈస్కిలస్ మూడో నాటకంలో ఏథెన్స్ న్యాయసభలో ఓట్లు సమానమై, దేవత ఎథీనా అండతో ఒరెస్టీస్ బయటపడతాడు. అతన్ని వెంటాడిన ప్రతీకార దేవతలే నగరాన్ని దీవిస్తారు. అయినా అది విషాద నాటకమే.

ఒక్కటే చదివే తీరికుంటే సోఫోక్లీస్. ముందూ వెనకా ఏమీ తెలియకపోయినా అది ఒంటరిగా నిలబడుతుంది. ప్రక్రియనే అర్థం చేసుకోవాలంటే మాత్రం నా ఓటు ఈస్కిలస్‌కే. దేవుడి ఆజ్ఞ, మనిషి నిర్ణయం, కోరస్ గొంతు ఒకే ముడిగా బిగుసుకున్నది అక్కడే. దాన్ని కూడా నాటకత్రయం మొత్తంగా చదవాలి. వెంటనే యూరిపిడీస్ తీసుకోండి, పాత నాటకం ఇంకా చెవిలో మోగుతుండగానే ఆ ప్రశ్నలు గుచ్చుకుంటాయి. సోఫోక్లీస్‌ని చివరికి ఉంచుకుంటే, ఆ కలశం ఖాళీదని తెలిసి కూడా ఎలక్ట్రాతో పాటు ఏడుస్తాం.