పదకొండేళ్లు నా కాలి కింద నలిగిన బాస్ డీఎస్-1

కాకినాడ చుట్టుపక్కల ఆర్కెస్ట్రాల్లో గిటార్ వాయిస్తాను. పెళ్లి రిసెప్షన్లకీ, చవితి పందిళ్లకీ పదకొండేళ్లుగా నా వెంట వచ్చింది ఈ ఒక్క డిస్టార్షన్ పెడలే, అంటే గిటార్ శబ్దాన్ని కావాలనే గరుకుగా మార్చే, కాలితో నొక్కే డబ్బా. 1978లో వచ్చిన మోడల్ ఇది. నాబ్‌లు మూడే: టోన్ (శబ్దం పదును), లెవెల్ (ఎంత గట్టిగా), డిస్ట్ (ఎంత గరుకుగా). నారింజ రంగు అంచుల్లో పోయి లోహం కనిపిస్తోంది, అయినా స్విచ్ ఇంకా మొదటి రోజులాగే టక్కుమంటుంది.

నిజం చెప్పాలంటే మొదటి ఏడాది దీన్ని అమ్మేద్దామనుకున్నా. మా ప్రోగ్రాముల్లో గిటార్ ఆంప్ (గిటార్‌కి ప్రత్యేకంగా ఉండే యాంప్లిఫయర్, స్పీకరు) ఎవరు మోస్తారు, పెడల్ నుంచి వైరు తీసి నేరుగా మిక్సర్‌లో గుచ్చేయడమే. రేకు డబ్బాలో కందిరీగల్ని పోసి ఊపినట్టుండేది సౌండ్. ఓసారి స్నేహితుడి ఇంట్లో పాత ప్రాక్టీస్ ఆంప్‌కి తగిలించాక తెలిసింది తప్పు ఎక్కడుందో.

లోపల జరిగేది ఇదీ. గిటార్ సిగ్నల్‌ని బాగా పెంచి, కరెంటుని ఒకవైపే పోనిచ్చే రెండు సిలికాన్ డయోడ్ల ముందు నిలబెడతారు. ఇంచుమించు 0.6 వోల్టులు దాటిన భాగాన్ని అవి గ్రౌండ్‌లోకి తోసేస్తాయి, అలకి పైనా కిందా తల తెగిపోతుంది. దీన్నే హార్డ్ క్లిప్పింగ్ అంటారు. తల తెగిన అలలో లేని స్వరాలు పుట్టుకొస్తాయి: అన్నిటికన్నా లావు తీగ (E స్వరం) 82 హెర్ట్జ్ అయితే దానికి మూడింతలు 247, ఐదింతలు 412, ఇలా పైపైకి పోతూనే ఉంటాయి. ఆ 247 ఏమిటో తెలుసా, మన రెండో తీగ, వేలు నొక్కకుండా మీటితే పలికే B! ఒక్క తీగ మీటితే దాని పైతీగ కూడా ఎవరో మెల్లగా మీటినట్టే. అయితే ఈ పైస్వరాలు చాలా ఎత్తుకి పోతాయి. గిటార్ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటాక చాలామటుకు మింగేస్తుంది, ఫంక్షన్ హాల్లో ఉండే బాక్సులు మాత్రం ఒక్కటీ వదలకుండా జనం చెవిలో పోస్తాయి. కందిరీగలు అవే. ఇప్పుడు మధ్యలో గిటార్ స్పీకర్‌లా ఆ పైస్వరాల్ని తగ్గించే క్యాబినెట్ సిమ్యులేటర్ డబ్బా ఒకటి పెడుతున్నా, నేరుగా మిక్సర్‌లో గుచ్చేవాళ్లయితే అది లేకుండా ఈ పెడల్ కొనకండి.

మధ్యలో ఆరు నెలలు అరువు తెచ్చుకున్న ట్యూబ్ స్క్రీమర్ అనే ఇంకో పెడల్ వాడాను. దాంట్లో డయోడ్లు ఫీడ్‌బ్యాక్ దారిలో (సిగ్నల్‌ని పెంచే భాగం నుంచి వెనక్కి తిరిగొచ్చే దారిలో) ఉంటాయి కాబట్టి అల తల తెగదు, గుండ్రంగా ఒంగుతుంది. మెల్లగా మీటితే శుభ్రంగా, గట్టిగా మీటితే కాస్త జీరగా పలుకుతుంది, పైగా 700 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉబ్బు ఉంటుంది కాబట్టి కీబోర్డూ ప్యాడ్సూ హోరెత్తుతున్నా సోలో బయటికి వినిపిస్తుంది. సోలో ఒక్కటే అయితే నా ఓటు దానికే. ఫజ్ అనే మరో రకం పెడల్ సంగతి వేరు, అలని దాదాపు చదరంగా కోసేస్తుంది, మా పాటలకి అక్కర్లేదు.

డీఎస్-1 గొప్పగా పలికేది పవర్ కార్డ్‌లో, అంటే రెండే స్వరాలు కలిపి మీటినప్పుడు. కారణం లెక్కలోనే ఉంది. E 82, B 123 కలిపి పెడల్‌లోకి పంపితే వాటి తేడా 41 కూడా పుడుతుంది, అది సరిగ్గా బేస్ గిటార్ లావు తీగ స్వరం. రెండు తీగలు మీటితే కింద ఇంకో మనిషి తోడొచ్చినట్టు! అదే పూర్తి E మేజర్ కార్డ్ (ఆరు తీగలూ కలిపి) పట్టుకోండి, పై E 165కీ జీ షార్ప్ 208కీ తేడా 43 దగ్గర పుట్టి, ఆ 41తో గొడవ పెట్టుకుంటుంది, గరగరమని బురద. శుభ్రమైన సౌండ్‌లో తియ్యగా ఉండే కార్డ్ ఇక్కడ ఎందుకు చెడుతుందో మా కీబోర్డ్ అన్నకి చెప్పి చెప్పి అలసిపోయాను. మెలోడీ పాట వస్తే పెడల్ ఆపేస్తా, అంతే.

పెడల్‌ని తిట్టుకున్న రోజుల్లో సగం తప్పు వేరేవాటిది. రోడ్డు పక్కన కొన్న పేరులేని అడాప్టర్ జుయ్యిమంటే, ఆ జుయ్‌ని కూడా ఇది నిజాయితీగా పెంచి ఇచ్చింది. ఇంకోసారి ఒక పెళ్లిలో డిజిటల్ మిక్సర్ గెయిన్ (లోపలికొచ్చే సిగ్నల్‌ని పెంచే నాబ్) ఎర్రలైటు దాకా తిప్పేశారు. అక్కడ తెగిన శబ్దంలో జీరా లేదు, తీపీ లేదు, పటపటమని పగలడమే. అదీ క్లిప్పింగే, ఇదీ క్లిప్పింగే, చెవికి మాత్రం పాయసానికీ పాచిన అన్నానికీ ఉన్నంత తేడా. బ్యాటరీ వాడేవాళ్లకి ఒక మాట: పని అయ్యాక ఇన్‌పుట్ వైరు పీకేయండి, గుచ్చి ఉన్నంతసేపూ తొమ్మిది వోల్టులు కరుగుతూనే ఉంటాయి.

ఇప్పుడు నా సెట్టింగ్: నాబ్‌ని గడియారం ముల్లనుకుంటే టోన్ పది గంటల దగ్గర, డిస్ట్ సగానికి కాస్త తక్కువ, లెవెల్ హాలుని బట్టి. అందరూ డిస్ట్ చివరిదాకా తిప్పేస్తారు, అక్కడ సన్న మీటుకీ గట్టి మీటుకీ తేడా తెలియదు.

మొన్న రిహార్సల్లో కొత్త సౌండ్ కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు, "అన్నా, నీ వైరు పోయినట్టుంది, బర్రుమంటోంది" అని కొత్తది చేతికిచ్చాడు. తీసుకుని జేబులో పెట్టుకున్నా, ఎప్పటికైనా పనికొస్తుంది.