పారిస్ మ్యూజియం పాస్: చలికాలంలో నాలుగు రోజులకు కొనొచ్చా?

డిసెంబరులోనో జనవరిలోనో పారిస్‌కి నాలుగు రోజుల ప్రయాణం పెట్టుకున్నవాళ్లు, విమానం టికెట్ల తర్వాత ఎక్కువగా తర్జనభర్జన పడేది, ఒకసారి డబ్బు కట్టి చాలా మ్యూజియంలు చూడనిచ్చే ఈ పాస్ దగ్గరే. కొనొచ్చు. అయితే నాలుగు రోజులదే కొనాలి, అదీ లూవ్ర్ మ్యూజియం, సెంట్ షపెల్ చర్చిలకు ప్రవేశ సమయాల స్లాట్లు ఖాళీ ఉన్నాయని చూసుకున్నాకే. రెండు రోజుల పాస్ మాత్రం చలికాలంలో డబ్బు దండగ.

పాస్‌లో మూడు రకాలు ఉన్నాయి: 48, 96, 144 గంటలు. రెండు రోజులు, నాలుగు రోజులు అని అంటున్నా లెక్క మాత్రం గంటల్లోనే. మొదటి మ్యూజియం గేటు దగ్గర కోడ్ స్కాన్ అయిన క్షణం నుంచి లెక్క మొదలై, మధ్యలో ఎక్కడా ఆగదు. బుధవారం ఉదయం 11కి మొదలుపెడితే ఆదివారం ఉదయం 11 వరకు చెల్లుతుంది. నిద్రపోయిన గంటలూ అందులోవే. వేసవిలో సెంట్ షపెల్ రాత్రి 7 దాకా, ఊరి బయట ఉన్న వెర్సాయ్ రాజకోట సాయంత్రం 6:30 దాకా తెరిచి ఉంటాయి. చలికాలంలో అవే 5కి, 5:30కి మూసేస్తారు. డిసెంబరు చివర్లో తెల్లవారేసరికి ఎనిమిదిన్నర దాటుతుంది, అయిదు కాకముందే పొద్దు గూకుతుంది. అంటే డబ్బు అంతే కట్టినా చేతికొచ్చే గంటలు తక్కువ. 48 గంటల్లో వెర్సాయ్ ఒక్కటే ముప్పావు రోజు తినేస్తే, మిగతావన్నీ పరుగులే.

ధర విషయానికొస్తే, మనవాళ్లకు లెక్క ఈ మధ్యే మారింది. 2026 జనవరి 14 నుంచి యూరోపియన్ ఆర్థిక ప్రాంతం (ఇ.యు. దేశాలు, ఐస్‌లాండ్, నార్వే, లిక్టెన్‌స్టెయిన్) బయటివాళ్లకు లూవ్ర్ టికెట్ 22 నుంచి 32 యూరోలకు పెరిగింది. హైదరాబాద్ నుంచి వచ్చినా, డాలస్ నుంచో లండన్ నుంచో వచ్చినా ఇదే. సెంట్ షపెల్ కూడా బయటివాళ్లకు 22 అయింది. ఓర్సే మ్యూజియం 16, ఒరాంజెరీ మ్యూజియం 12.50. ఈ నాలుగే కలిపితే 82.50 యూరోలు. దీనికి వెర్సాయ్, ఆర్క్ ద త్రియోంఫ్ అనే విజయ తోరణం కలిస్తే నాలుగు రోజుల పాస్ తేలిగ్గా గిట్టుబాటవుతుంది. పాస్ ధర కూడా ఏటా పెరుగుతూనే ఉంది కాబట్టి, కొనే రోజు సైట్‌లో కనిపించే ధరను ఈ మొత్తంతో పోల్చి చూసుకోండి. రోజుకి ఒక్క మ్యూజియం చూసి, మిగతా సమయమంతా వీధుల్లో తిరగాలనుకునేవాళ్లకు విడి టికెట్లే మంచివి.

పిల్లలకు పాస్ కొనొద్దు. 18 ఏళ్లలోపు వాళ్లకు, ఏ దేశం పిల్లలైనా, లూవ్ర్, ఓర్సే, వెర్సాయ్ లాంటి చోట్లన్నీ ప్రవేశం ఉచితం. పాస్‌పోర్టు చూపిస్తే చాలు. అలాగే జర్మనీలోనో ఫ్రాన్స్‌లోనో చదువుకుంటున్న 26 ఏళ్లలోపు విద్యార్థులు అక్కడి రెసిడెన్స్ పర్మిట్ చూపిస్తే ఈ జాతీయ మ్యూజియంలు ఉచితంగా చూడొచ్చు. పారిస్‌లో చదివే కొడుకును చూడ్డానికి వచ్చే తల్లిదండ్రులు ముగ్గురికీ కలిపి పాస్‌లు కొనేస్తుంటారు. రెండు చాలు.

ఇక అసలు చిక్కు. పాస్ ఉంటే క్యూ లేకుండా లోపలికి పోవచ్చని చాలామంది అనుకుంటారు. పాస్ టికెట్ మాత్రమే, సమయం కేటాయింపు దాంతో రాదు. లూవ్ర్, సెంట్ షపెల్, వెర్సాయ్, ఒరాంజెరీ, ఈ నాలుగింటికి పాస్ ఉన్నవాళ్లు కూడా ముందే స్లాట్ తీసుకోవాలి. ఆ స్లాట్ పాస్ అమ్మే సైట్‌లో దొరకదు. ఒక్కో మ్యూజియం సొంత సైట్‌లోకి వెళ్లి, టికెట్ రకాల్లో పారిస్ మ్యూజియం పాస్ ఉన్నవాళ్ల వరుస ఎంచుకుని, సున్నా యూరోలకు బుక్ చేసుకోవాలి. డబ్బు అడుగుతోందంటే తప్పు వరుసలో ఉన్నట్టు, వెనక్కి వెళ్లండి. స్లాట్ ఉన్నా సెక్యూరిటీ తనిఖీ క్యూ తప్పదు. దానికి అరగంట పక్కన పెట్టుకోవాలి.

కాబట్టి ముందు ఈ నాలుగు సైట్ల క్యాలెండర్లు తెరిచి మీ తేదీల్లో ఖాళీలు చూడండి. ఉంటే పాస్ కొని, వెంటనే స్లాట్లు పట్టేయండి. క్రిస్మస్ నుంచి జనవరి మొదటి వారం దాకా స్లాట్లు వారాల ముందే అయిపోతాయి. వీసా చేతికి రాకముందు మాత్రం పాస్ జోలికి పోవద్దు. ఫోన్‌లో పాస్ ఉన్నా ఒక కాగితం ప్రింటు జేబులో పెట్టుకోండి. బయట 3, 4 డిగ్రీల చలిలో పాత ఫోన్ల బ్యాటరీ ఉన్నట్టుండి దిగిపోతుంది, అది కూడా సరిగ్గా గేటు ముందే.

సెలవు రోజులు చూడకుండా వేసిన ప్లాన్ నిలవదు. లూవ్ర్, ఒరాంజెరీ, ఆసియా కళల గిమె మ్యూజియం మంగళవారం మూత. ఓర్సే, వెర్సాయ్, రొదాఁ మ్యూజియం సోమవారం మూత. అందుకే సోమ, మంగళవారాలు పాస్ గంటల్లో పడకుండా బుధవారం మొదలుపెట్టి ఆదివారం ముగించడం అన్నిటికంటే లాభం. పైగా లూవ్ర్ బుధ, శుక్రవారాల్లో రాత్రి 9 వరకు, ఓర్సే గురువారం రాత్రి 9:45 వరకు తెరిచి ఉంటాయి. చలికాలం పాస్‌కి ఇవే ప్రాణం. వెలుగు కావాల్సినవి పగలు చూసి, వెలుగుతో పని లేనివి చీకటి పడ్డాక పెట్టుకోవాలి. డిసెంబరు 25న దాదాపు అన్నీ మూత, జనవరి 1న లూవ్ర్, వెర్సాయ్ కూడా. నెలలో మొదటి ఆదివారం ఓర్సే, ఒరాంజెరీ, గిమె అందరికీ ఉచితం కాబట్టి, ఆ రోజు పాస్ గంటల్లో పడితే నష్టం మీదే.

వెలుగు కావాల్సిన వాటిలో మొదటిది సెంట్ షపెల్. 1248లో ప్రతిష్ఠ జరిగిన చిన్న చర్చి ఇది. కింది అంతస్తు చూసి ఇంతేనా అనుకోకుండా, మూలన ఉన్న ఇరుకు మెలికల మెట్లు ఎక్కండి. పైన గోడలు ఉండాల్సిన చోట 15 రంగుటద్దాల కిటికీలు, వాటిలో 1,113 దృశ్యాలు. ఎండ ఉంటే ఎరుపు, నీలం వెలుగు నేల మీదా, నిలబడ్డవాళ్ల ముఖాల మీదా పడుతుంది. మబ్బు పట్టినా నీలం నిలుస్తుంది కానీ, మధ్యాహ్నం నాలుగు దాటితే అద్దాలు నల్లబడిపోతాయి. ఉదయం 9కి వెళ్లినా చాలినంత వెలుగు ఉండదు. బుధవారం 11 నుంచి 1 మధ్య స్లాట్ తీసుకోండి. ఇది కోర్టు భవనాల ఆవరణలో ఉంది కాబట్టి తనిఖీ గట్టిది. కత్తెర, చిన్న చాకు, గాజు సీసా ఏదున్నా లోపలికి రానివ్వరు. బ్యాగులో పచ్చడి సీసా పెట్టుకుని తిరిగేవాళ్లు ఆ రోజు దాన్ని గదిలోనే వదిలేయాలి.

అదే బుధవారం మధ్యాహ్నం మూడున్నరకి లూవ్ర్ స్లాట్ పెట్టుకుంటే రాత్రి దాకా సమయం ఉంటుంది. పిరమిడ్ దగ్గర క్యూ ఆరుబయట, గాలికి చేతులు కొంకర్లు పోతాయి. రివోలీ వీధిలో 99వ నంబరు దగ్గర కరూసెల్ షాపింగ్ ఆర్కేడ్ గుండా కింది నుంచి లోపలికి వెళ్లే దారి ఉంది. మెట్రో 1, 7 లైన్ల పాలె రోయాల్ స్టేషన్ నుంచి దాదాపు బయటికి రాకుండానే చేరొచ్చు. లోపల బాగా వెచ్చగా ఉంటుంది. ఆ లావు జాకెట్ మోస్తూ గంటల తరబడి నడిస్తే భుజాలు లాగేస్తాయి, పిరమిడ్ కింద ఉచిత లాకర్లలో పెట్టేయండి. 55 సెంటీమీటర్ల కంటే పొడవైన సూట్‌కేసు అయితే తీసుకోరు. బయటికి వస్తే మళ్లీ రానివ్వరు కాబట్టి తిని వెళ్లండి. మోనాలీసా ఉన్న 711వ గదికి అందరూ రాగానే పరుగు తీస్తారు. రాత్రి ఏడున్నర తర్వాత అక్కడ జనం బాగా పలచబడతారు. అప్పటిదాకా రిషల్యూ అనే భాగం వైపు తిరిగి, 227వ గదిలో బాబిలోన్ రాజు హమ్మురాబి శాసనం రాయి చూడండి. ఒక్కోసారి సిబ్బంది సమ్మె వల్ల లూవ్ర్ తెరుచుకోదు. మొదటి రోజే పెట్టుకోవడానికి ఇది ఇంకో కారణం, మరో రోజుకి మార్చుకునే వీలైనా మిగులుతుంది.

గురువారం ఒరాంజెరీ పగలు, ఓర్సే సాయంత్రం. మోనే తామరకొలను చిత్రాలున్న రెండు అండాకారపు గదుల్లోకి పైకప్పు నుంచి పగటి వెలుగే దిగుతుంది. చీకట్లో వెళ్తే సగం పోయినట్టే.

వెర్సాయ్ గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. చలికాలంలో అది వేసవి ఫొటోల్లో చూసే వెర్సాయ్ కాదు. నవంబరు నుంచి మార్చి దాకా ఫౌంటెన్లు ఆడవు, తోటలోని చాలా విగ్రహాలకు గుడ్డలు చుట్టేసి ఉంటాయి. అందుకే ఆ నెలల్లో తోటకు టికెట్ కూడా ఉండదు. అయినా అద్దాల మందిరం కోసం వెళ్లాలి. 73 మీటర్ల పొడవు, 357 అద్దాలు, కిటికీలు పడమర వైపు. శీతాకాలం సూర్యుడు బాగా కిందికి దిగి ఉంటాడు కాబట్టి, ఎండ ఉన్న రోజు మూడు గంటల వేళ వెలుగు నేరుగా లోపలికి వచ్చి అద్దాల మీద పడుతుంది. శుక్రవారం మధ్యాహ్నం 1 గంట స్లాట్ తీసుకుని, తోట అవతల ఉన్న త్రియనాఁ భవనాలు వదిలేయడం మేలు. ఊళ్లో నుంచి ఆర్.ఇ.ఆర్. సీ లైన్ రైలు, నలభై నిమిషాలు. ఆ లైన్ చివర్లో చీలిపోతుంది కాబట్టి, బోర్డు మీద రైలు కోడ్ పేరు వీ అక్షరంతో మొదలవుతోందో లేదో చూసి ఎక్కండి. దిగాల్సింది వెర్సాయ్ షాతో రీవ్ గోష్.

పాస్‌లో మెట్రో ప్రయాణం కలవదు. ఈఫిల్ టవర్, కాటకోంబ్స్ అనే భూగర్భ ఎముకల గుహలు, గార్నియే ఒపేరా కూడా కలవవు. నోత్రదామ్ చర్చి లోపలికి ఎలాగూ ఉచితమే. మెట్రో, రైలు ప్రయాణానికి నవీగో అనే వారం పాస్ 32.40 యూరోలు, దాని కార్డు 5, మొత్తం 37.40. ఇది ఎప్పుడు కొన్నా సోమవారం నుంచి ఆదివారం దాకానే చెల్లుతుంది. విమానాశ్రయం, వెర్సాయ్ రెండూ ఇందులోనే. విడిగా కొంటే విమానాశ్రయం టికెట్ ఒక్కోటి 14, మెట్రో టికెట్ 2.55. బుధవారం దిగి ఆదివారం ఎక్కేవాళ్లు విమానాశ్రయానికి రానూ పోనూ కాక మరో నాలుగు సార్లు రైలెక్కితే చాలు, కార్డు డబ్బు తిరిగొచ్చేస్తుంది. నడుస్తున్న వారానికి గురువారం దాకానే అమ్ముతారు. ఒక్కొక్కరికి ఒక్కో కార్డు, దాని మీద 25 బై 30 మిల్లీమీటర్ల ఫొటో అతికించాలి. ఇంటి దగ్గరే తీయించుకుని తీసుకెళ్లండి. ఫొటో లేని కార్డుకు తనిఖీలో జరిమానా పడుతుంది.

ఆర్క్ ద త్రియోంఫ్‌ని శనివారం సాయంత్రానికి ఉంచండి. 284 మెట్లు ఎక్కాలి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ముందే ఆలోచించుకోవాలి. చుట్టూ తిరిగే ట్రాఫిక్‌లోంచి రోడ్డు దాటొద్దు, షాంజెలిజే వైపు నుంచి సొరంగ మార్గం ఉంది. నాలుగున్నరకి పైకి చేరితే పొద్దు గూకడం, పన్నెండు రోడ్లలో దీపాలు వెలగడం రెండూ చూడొచ్చు. చీకటి పడ్డాక గంట గంటకి అయిదు నిమిషాల పాటు ఈఫిల్ టవర్ మిణుకుమిణుకుమంటుంది. వేసవిలో దానికోసం పది దాటేదాకా కాచుకోవాలి. జనవరిలో సాయంత్రం ఆరుకే కనిపిస్తుంది, చిన్నపిల్లలతో వచ్చినవాళ్లకు ఇదొక వరం. మీద గాలి ఎక్కువ, చెవులు మూసే టోపీ తప్పనిసరి.

ఆ శనివారం ఉదయాన్ని మాత్రం గిమె మ్యూజియానికి ఇవ్వండి. పాస్‌తోనే వెళ్లొచ్చు. తెలుగువాళ్లు ఎక్కువగా వదిలేసే చోటు ఇదే, వదలకూడనిదీ ఇదే. 1889లో పారిస్‌లో తెరిచిన ఈ ఆసియా కళల మ్యూజియంలో మన కృష్ణా జిల్లా ఘంటసాల నుంచి వెళ్లిన శిల్పం ఒకటుంది. అమరావతి శైలి, సున్నపురాయి, రెండో శతాబ్దం నాటిది. బుద్ధుడి ధ్యానం చెడగొట్టడానికి వచ్చిన మారుడి దాడి అందులోని దృశ్యం. దగ్గరికి వెళ్లి చూస్తే బుద్ధుడు కనిపించడు, ఆయనకు గుర్తుగా చెట్టు కింద ఖాళీ ఆసనం ఉంటుంది. దాని చుట్టూ మారుడి సేన, అతని కూతుళ్లు కిక్కిరిసి ఉంటారు. ఆ ఆసనం ఎదురుగా కాసేపు నిలబడండి. మెట్రో 9వ లైన్, ఇయెనా స్టేషన్. ఉదయం 10కి తెరుస్తారు, స్లాట్ అక్కర్లేదు.