1970లో ఆగిపోయిన టీవీ బాక్స్

బెంగళూరు మారతహళ్ళి ఫ్లాట్లో పాత టీవీ ఉంది కదా, కొత్తది ఎందుకని ఎస్పీ రోడ్డులో ఒక చిన్న ఆండ్రాయిడ్ బాక్స్ కొన్నాను, టీవీకి తగిలిస్తే ఇంటర్నెట్‌లో సీరియళ్ళు, సినిమాలు చూపిస్తుంది. 2,900 రూపాయలు. బొమ్మ బాగుంది, రిమోట్ మాత్రం సబ్బుబిళ్ళలా జారిపోతుంది.

మూడో రోజు కరెంటు పోయి వచ్చింది. అంతే, వైఫై కలిసిందంటుంది, ఇంటర్నెట్ లేదంటుంది! అదే వైఫైలో నా ఫోను హాయిగా నడుస్తోంది. ఇక్కడ అమ్మ సీరియల్ టైమ్ అయిపోతోందని ఒకటే టెన్షన్. రౌటర్ ఆపి పెట్టాను. బాక్స్‌కి రౌటర్ ఇచ్చే నెట్‌వర్క్ అడ్రస్ (192.168తో మొదలయ్యేది) సరిగానే వచ్చింది. ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపినా అదే పాట. అంటే తప్పు రౌటర్ది కాదు.

కస్టమర్ కేర్ వాళ్ళు ఇరవై నిమిషాలు వెయిట్ చేయించి, "మొత్తం రీసెట్ చేయండి సార్" అన్నారు. చేయలేదు, పాస్‌వర్డ్‌లన్నీ మళ్ళీ ఎవరు కొడతారు?

"అదేంట్రా, 1970 అని ఉంది?" అని అమ్మే అడిగింది, స్క్రీన్ మూల చూపించి. నిజమే, 1970 జనవరి 1! లోపల గడియారానికి బ్యాటరీ లేదు, కరెంటు పోతే తేదీ మొదటికి, అంటే ఆండ్రాయిడ్ టైమ్ లెక్క మొదలయ్యే ఆ 1970కి, వచ్చేస్తుంది. తేదీ తప్పయితే వెబ్‌సైట్ల భద్రతా సర్టిఫికెట్లు (సైటు అసలుదేనని చూపే, గడువు తేదీలుండే గుర్తింపు పత్రాల్లాంటివి) చెల్లవు, అందుకే ఇంటర్నెట్ లేదనుకుంటుంది. సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ టైమ్ (నెట్ నుంచి తేదీ, టైమ్ తెచ్చుకునేది) ఆఫ్‌లో ఉంది. ఆన్ చేశాక నిమిషంలో సీరియల్ మొదలైంది.

బాక్స్‌కి మూడు స్టార్లు. కస్టమర్ కేర్‌కి ఒకటి, అదీ ఫోన్ ఎత్తినందుకు.