టీచింగ్ పోర్ట్‌ఫోలియో: బాక్స్ ఫైలా, డ్రైవా, సైటా?

ప్రమోషన్ల టైమ్ వచ్చిందంటే మెడికల్ కాలేజీల్లోని జూనియర్ ఫ్యాకల్టీ నన్ను అడిగేది ఒకటే: "మేడమ్, పోర్ట్‌ఫోలియో కాగితాల మీద పెట్టుకోవాలా, ఆన్‌లైన్‌లోనా?" పోర్ట్‌ఫోలియో అంటే టీచర్‌గా మనం చేసిన పనికి ఆధారాలన్నీ ఒకచోట పెట్టుకోవడం. ఈ మధ్యే నాది మొత్తం సర్దుకున్నాను కాబట్టి నాకు అనిపించింది చెబుతాను.

బాక్స్ ఫైల్ ఉండాల్సిందే. వైద్యవిద్య బేసిక్ కోర్సు సర్టిఫికెట్, రిలీవింగ్ ఆర్డర్లు, అచ్చయిన పేపర్లు, ఇవన్నీ ఒరిజినల్స్ అడిగినప్పుడు చేతికందాలి. కానీ నా ఫైల్ మొత్తం తిరగేస్తే నేను ఎక్కడెక్కడ హాజరయ్యానో తెలిసింది తప్ప, నా పాఠం వల్ల పిల్లలకు ఏం వచ్చిందో చెప్పే కాగితం ఒక్కటీ దొరకలేదు.

ఏది మేలో తేల్చేది నా దృష్టిలో ఇదే. అధ్యాపకుల పనిని అంచనా వేయడానికి అమెరికా విద్యావేత్త గ్లాసిక్ బృందం 1997లో చెప్పిన ఆరు ప్రమాణాల్లో చివరిది, మన పనిని మనమే విమర్శించి చూసుకోవడం. దానికి చోటివ్వని పోర్ట్‌ఫోలియో బయోడేటాతో సమానం.

ఒక ఉదాహరణ. ఫిజియాలజీ ఓస్పీలో (స్టేషన్‌కొక పని చేయించి, చెక్‌లిస్టు చూసి మార్కులేసే ప్రాక్టికల్ పరీక్ష) బీపీ స్టేషన్ పెట్టాను. చాలామంది ముందు నాడి పట్టుకుని సిస్టోలిక్ (బీపీలో పై అంకె) అంచనా వేయకుండా నేరుగా స్టెతస్కోప్ పెట్టేశారు. ఆస్కల్టేటరీ గ్యాప్ (బీపీ చూస్తుంటే స్టెతస్కోప్‌లో చప్పుడు మధ్యలో కాసేపు ఆగిపోవడం) ఉన్న పేషెంట్‌లో అలా చేస్తే సిస్టోలిక్ తక్కువగా చదివే ప్రమాదం ఉంది. ఆలోచిస్తే తప్పు నాది. డెమోలో ఆ మెట్టు నేనే గబగబా దాటేశాను, చెక్‌లిస్టులోనూ దానికి అర మార్కే పెట్టాను. తర్వాతి బ్యాచ్‌కి రెండూ మార్చాను.

ఇది బాక్స్ ఫైల్లో ఎక్కడ పెడతాం? గూగుల్ డ్రైవ్‌లో అయితే ఏడాదికొక డాక్యుమెంట్ చాలు. ఏం చేశాను, ఏం జరిగింది, ఏం మార్చాను అని మూడు ముక్కలు రాసి, పక్కనే పాత చెక్‌లిస్టు, కొత్తది లింక్ చేస్తాను. ప్రాక్టికల్స్ అయ్యాక కారిడార్‌లో నడుస్తూనే ఫోన్‌కి తెలుగులో చెప్పేస్తాను, ఇంగ్లీషు తర్వాత చూసుకోవచ్చు. ఆ రోజే రాయాలి, వారం దాటితే గుర్తుండదు. ఫోల్డర్లు ఐదే: బోధన, మూల్యాంకనం, కరిక్యులమ్, మెంటరింగ్, విద్యా నాయకత్వం. 2007లో అమెరికా వైద్య విద్యావేత్తలు ప్రచురించిన విభజన ఇది, మనకీ సరిగ్గా సరిపోతుంది.

డ్రైవ్‌లో పెట్టేవాళ్లకు ఒక హెచ్చరిక. సొంత అకౌంట్ వాడండి. నేను పనిచేసిన ఒక కాలేజీలో రిలీవ్ అయిన వెంటనే మెయిల్ మూసేశారు. మూడేళ్ల క్విజ్‌లు, ఫీడ్‌బ్యాక్ అన్నీ పోయాయి. ఆ బాధ నాకింకా ఉంది. అయితే సొంత అకౌంట్‌లోకి పేషెంట్ల ఫొటోలు, విద్యార్థుల పేర్లు, రోల్ నంబర్లు రాకూడదు. తీసేశాకే ఎక్కించండి.

సొంత సైట్ చూడ్డానికి బాగుంటుంది. ఫెలోషిప్‌కి అప్లై చేసేవాళ్లకు ఉపయోగమే. కానీ పేజీ అందంగా పెట్టడంలోనే ఆదివారాలు గడిచిపోతాయి. మహారా లాంటి ఈ-పోర్ట్‌ఫోలియో సాఫ్ట్‌వేర్లు కాలేజీయే నడిపితే వాడండి, లేదంటే అక్కర్లేదు. లింక్డ్‌ఇన్ పరిచయాలకే.

చివరికి నా దగ్గర రెండూ ఉన్నాయి. ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు డ్రైవ్‌లోని బీపీ పేజీ ప్రింట్ తీసి, బాక్స్ ఫైల్లో సర్టిఫికెట్ల పైన పెట్టుకున్నాను. వాళ్లు ఎక్కువసేపు అడిగింది ఆ పేజీ గురించే.